హంతకుడి పేరు కింద పెన్సిల్ గుర్తు

థెల్మా ఔత్‌వెయిట్‌కి హత్యలంటే మహా ఇష్టం. నిజమైనవి కాదు, పుస్తకాల్లోవి. అందులోనూ అన్ని హత్యలూ ఆవిడకి నచ్చవు. నెత్తురు కారకూడదు. ఊరు చిన్నదై ఉండాలి. పోలీసులు మరీ చురుగ్గా ఉండకూడదు. హంతకుణ్ణి పట్టుకునేది ఎవరూ లెక్కచెయ్యని మనిషి అయి ఉండాలి, ఏ రొట్టెల కొట్టావిడో, పెళ్లి చేసుకోని పంతులమ్మో. మధ్యమధ్యలో అందరూ టీ తాగాలి. ఇవన్నీ కుదిరితే పుస్తకాన్ని ఒక్క ఊపులో ముగించి, మర్నాడు మా హాథర్‌బెక్ లైబ్రరీకి వచ్చి, "నాకు నాలుగో అధ్యాయంలోనే తెలిసిపోయింది" అని మా అందరికీ వినబడేటట్టు అనేది.

ఆవిడ పుట్టింది మా ఊళ్లోనే, వాగు పక్కనున్న వరస ఇళ్లల్లో. వయసులో ఉన్నప్పుడు లీడ్స్ నగరం బస్సుల్లో కండక్టరుగా చేసింది. తర్వాత బడి వంటింట్లో చేరి, ఊళ్లో సగం మందికి బంగాళదుంపల ముద్ద వడ్డించి పెద్దచేసింది. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయేదాకా అమ్మని చూసుకుంది. ఇప్పటికీ ఆవిడ వీధిలో నడుస్తుంటే నడివయసు మగవాళ్లు చేతులు జేబుల్లోంచి తీసి సరిగ్గా నిలబడతారు.

ఆ పుస్తకాల పిచ్చి ఎలా పట్టుకుందో ఒకసారి నాతో చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు ఒక సోమవారం పొద్దున వాళ్ల నాన్న ఉన్ని మిల్లుకి పనికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. ప్రమాదమేమీ జరగలేదు. ఎక్కడికో వెళ్లిపోయాడంతే. ఎందుకు వెళ్లాడో, ఎవరితో వెళ్లాడో పిల్లలకి ఎవరూ చెప్పలేదు. అమ్మ ఆయన కోటు చర్చి వాళ్లకి ఇచ్చేసింది. అడిగితే, "నోర్మూసుకుని తిను" అనేది. థెల్మా గదిలోకి వస్తే పెద్దవాళ్లు మాట మార్చేవాళ్లు.

"ఆ పుస్తకాల్లో చివర ఎవరో ఒకరు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఏం జరిగిందో మొదట్నించీ చెబుతారు చూడు. నేను చదివేది ఆ ఒక్క ముక్క కోసమే. మా ఇంట్లో నన్నెవరూ అలా కూర్చోబెట్టలేదు" అంది.

కౌన్సిల్ వాళ్లు ఖర్చు తగ్గించుకుంటామని మా లైబ్రరీని మూసేసినప్పుడు, దాన్ని జీతం లేకుండా మేమే నడుపుతామని ముందుకొచ్చినవాళ్లలో థెల్మా మొదటిది. కమిటీకి పెద్దగా జెరాల్డ్ ప్రీస్ట్‌నాల్ కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. మీసం చక్కగా కత్తిరించుకుంటాడు, కుర్చీలు తిన్నగా లేకపోతే నిద్రపట్టదు. నేను టీ బల్ల దగ్గర ఉండేదాన్ని. పాత అరలు కౌన్సిల్ వాళ్లు పట్టుకుపోతే, వడ్రంగి విల్ఫ్ లంబ్ కొత్తవి చేసిపెట్టాడు. విల్ఫ్, థెల్మా చిన్నప్పుడు బడిలో ఒకే బెంచీ.

గొడవ మొదలైంది ఆ శరదృతువులో. థెల్మా ఒక నవల చదువుతోంది. మొదటి అధ్యాయంలో పాస్టరుగారి చెల్లెలి పేరు కింద ఎవరో పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టారు. రెండు పొట్టి గీతలు పైకి వచ్చి మొన దగ్గర కలుస్తాయి. ఆ మొన సరిగ్గా పేరు మొదటి అక్షరాన్ని తాకుతుంది. ఆవిడ పట్టించుకోలేదు. చివరికి చూస్తే విషం కలిపింది ఆ చెల్లెలే. తర్వాతి నవలలో మందుల షాపాయన పేరు కింద అదే గుర్తు. అతనూ హంతకుడే. మూడో పుస్తకం తీసేసరికి గుర్తు రెండో పేజీలోనే కనబడింది. థెల్మా పుస్తకం టప్పున మూసి, కోటు తొడుక్కుని, వానలో లైబ్రరీకి వచ్చింది.

"చంపినవాణ్ణయినా క్షమిస్తాను. చంపిందెవరో ముందే చెప్పేవాణ్ణి మాత్రం వదలను" అంది, గొడుగు విదిలిస్తూ.

అరలు వెతికితే అలాంటివి చాలానే బయటపడ్డాయి. అన్నీ ఆ రకం నవలలే, ఊళ్లో అందరి చేతుల్లోనూ తిరిగేవే. జనం గోల పెట్టారు. రొట్టెల కొట్టులో ఇదే మాట. కమిటీ కూర్చుంది.

"పెన్సిలు చేత్తో పట్టుకుని చదివేది మన లైబ్రరీలో ఒక్కర్తే. పేరు చెప్పక్కర్లేదనుకుంటాను" అన్నాడు జెరాల్డ్.

"చెప్పు జెరాల్డ్. పేరు చెప్పకుండా అంటే అది చాటుమాటు మాట" అంది థెల్మా.

"సరే. ఆ పోలండ్ అమ్మాయి. డనూటా. పుస్తకాల్లో గీతలు గీస్తుందని నేనే కళ్లారా చూశాను."

"తెలియని మాటల కింద గీస్తుంది. తిరిగిచ్చే ముందు చెరిపేస్తుంది కూడా."

"నేను ఇన్సూరెన్స్‌లో పనిచేసినవాణ్ణి థెల్మా. ఎక్కడ మోసం ఉందో నాకు వాసనొస్తుంది."

"నీకు జలుబు చేసినట్టుంది, ఓసారి ముక్కు చీదుకో."

అందరూ నవ్వారు గానీ జెరాల్డ్ నవ్వలేదు. ఆ వారమే డనూటా పుస్తకాలు మార్చుకోవడానికి వస్తే, విషయం తేలేదాకా లైబ్రరీ కార్డు తన దగ్గర ఉంచమని అడిగాడు. ఆ అమ్మాయి చెంపలు ఎర్రబడ్డాయి. కార్డు బల్ల మీద పెట్టి, వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

డనూటా కొండ మీదున్న వృద్ధాశ్రమంలో పనిచేసేది. ముసలివాళ్లకి స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం ఆమె పని. చేపల వేపుడు కొట్టు పైన ఒక గదిలో అద్దెకి ఉండేది. థెల్మా అల్లం కేకు చేసి, డబ్బాలో పెట్టుకుని అక్కడికి వెళ్లింది.

"నేను చెయ్యలేదు థెల్మా గారూ" అంది డనూటా తలుపు తీస్తూనే.

"తెలుసమ్మాయ్. తప్పుకో, లోపలికి రానీ. మెట్లెక్కేసరికి ఊపిరాడ్డం లేదు."

టీ తాగారు. థెల్మా ఉండబట్టలేక అడిగింది. "ఇంగ్లీషు నేర్చుకోడానికి లోకంలో ఇన్ని పుస్తకాలుండగా నువ్వు కూడా వీటి మీద పడ్డావేంటి?"

డనూటా కప్పు కింద పెట్టింది. "మా ఆశ్రమంలో ఎవరైనా పోతే, మధ్యాహ్నానికల్లా మంచం మీద దుప్పటి మారిపోతుంది. సాయంత్రానికి ఇంకొకరు వస్తారు. ఎవరూ ఏమీ అడగరు. ఈ పుస్తకాల్లో ఒక ముసలావిడ పోతే ఊరు ఊరంతా ఆగిపోతుంది. ఆవిడ ఏం తింది, ఎవరితో మాట్లాడింది, ఎవరిమీద అలిగింది, అన్నీ అడుగుతారు. మనిషి పోతే అలా ఉండాలనిపిస్తుంది నాకు."

థెల్మా కేకు డబ్బా ఆమెవైపు జరిపింది. తర్వాత లేచి, ఆ అమ్మాయి భుజం మీద తట్టి, "వాడెవడో నేను పట్టుకుంటాను. నువ్వు మాత్రం చదవడం మానకు, నా దగ్గరున్నవి పంపిస్తా" అంది.

ఆ రోజునుంచి ఆవిడ నడకే మారిపోయింది. లైబ్రరీకి వచ్చేవాళ్ల వేళ్లు చూసేది, పెన్సిలు మసి ఉందేమోనని. తపాలా బంట్రోతుని, పాస్టరుగారిని, నన్ను కూడా అనుమానించింది. మాకు తెలిసేటట్టే అనుమానించింది. టీ ఇచ్చినప్పుడు నా చేతివంక అదోలా చూసింది కూడా. సంతోషంగానూ ఉంది, ఆ మాట దాచడమెందుకు. ఇన్నేళ్లు చదివినది ఇప్పుడు చేసే అవకాశం వచ్చింది.

అసలు సంగతి వానవల్ల బయటపడింది. వెనక గోడ దగ్గర పైకప్పు కారి అరలు తడిశాయి. పుస్తకాలన్నీ దించి నేల మీద పరిచాం. థెల్మా గుడ్డ పట్టుకుని ఖాళీ అర తుడుస్తూ, లోపలికి తలపెట్టి, ఆగిపోయింది. చెక్క వెనకవైపు, పుస్తకాలుంటే ఎవరికీ కనబడని చోట, రంపం ఎక్కడ పెట్టాలో చూపించే కొలత గుర్తులున్నాయి. రెండు పొట్టి గీతలు మొన దగ్గర కలుస్తున్నాయి. మొద్దు పెన్సిలుతో పెట్టినవి. ఆవిడ కింది అరలోనూ చూసింది. అక్కడా అవే.

నేను ఏమైందని అడిగితే, "ఏం లేదు, నడుం పట్టేసింది" అంది. గుడ్డ నా చేతిలో పెట్టి బయల్దేరింది.

మంగళవారం మంగళవారం విల్ఫ్ లైబ్రరీకి రావడం మేమందరం చూసేదే. వాళ్లావిడ నోరీన్ జుట్టు సెట్ చేయించుకోవడానికి వెళ్తే, ఆయన ఇక్కడ వెనక బెంచీ మీద కూర్చుని ఇద్దరికీ పుస్తకాలు ఏరేవాడు. చాలాసేపు ఏరేవాడు. నిదానస్తుడులే అనుకున్నాం.

ఇంటికి వెళ్లి బంగాళదుంపల తొక్క తీస్తున్నంతసేపూ థెల్మా మనసులో ఒకటే బొమ్మ మెదిలిందట. కమిటీ అంతా వరసగా కూర్చుని ఉంటారు. జెరాల్డ్ ముందు వరసలో ఉంటాడు. తను నిలబడి మొదట్నించీ చెబుతుంది. చిన్నప్పట్నించీ ఎదురుచూసిన ఘట్టం అది. కానీ ఆ వరసలో విల్ఫ్ కూడా కూర్చుని ఉంటాడు. ఆ మొహం తలుచుకోగానే ఆవిడ కత్తి కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, లంబ్ వాళ్లింటికి బయల్దేరింది.

తలుపు తీసింది నోరీన్. ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. మనిషిని గొంతుని బట్టి పోల్చుకుంటుంది. థెల్మా పలకరించగానే గుర్తుపట్టింది.

"థెల్మానా? రా రా. ఆయన పెరట్లో షెడ్లో ఉన్నాడు. నిన్న పొయ్యి మీద ఖాళీ కెటిల్ పెట్టి మర్చిపోయాడు, మాడి మసైంది. మొన్న మా అమ్మాయి ఫోన్ చేస్తే ఎవరమ్మా మీరు అన్నాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "డాక్టరు ఏవేవో చెప్పాడులే. కానీ నేను నమ్మను. ఎందుకో తెలుసా? రోజూ సాయంత్రం నాకు పుస్తకం చదివి వినిపిస్తాడు. చివరి అధ్యాయానికి ముందు ఆగి ఇద్దరం పందెం వేస్తాం, ఎవరు చంపారా అని. పెళ్లయినప్పట్నించీ నేనే గెలిచేదాన్ని. ఈ మధ్య ఒక్కటంటే ఒక్కటి తప్పడం లేదు ఆయన! మెదడు పాడైనవాడు అలా చెప్పగలడా, నువ్వే చెప్పు?"

"చెప్పలేడు" అంది థెల్మా మెల్లగా. పెరట్లోకి వెళ్లింది.

విల్ఫ్ ఒక చెక్కముక్కని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. "ఏమే, ఇటొచ్చావు?" అన్నాడు. ఆవిడని గుర్తుపట్టాడు.

"ఏరా విల్ఫ్, ఆ గుర్తులు నువ్వేగా పెట్టింది?"

చెయ్యి ఆగింది. "నోరీన్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పకే. నీకు దణ్ణం పెడతాను." చెక్కముక్క పక్కన పెట్టాడు. "చివరి పేజీ చూస్తాను. ఆ పేరు సాయంత్రందాకా నాకు నిలవదు, గుమ్మం దాటేసరికే పోతుంది. అందుకని ముందు పేజీల్లో అదెక్కడుందో వెతికి గుర్తు పెట్టుకుంటాను. పందెం దగ్గర ఓసారి వెనక్కి తిప్పి చూసి చెప్పేస్తాను. అప్పుడు దాని మొహం చూడాలి నువ్వు. డాక్టరు మాటలన్నీ అబద్ధం అన్నట్టు నవ్వుతుంది. రోజంతా నేను ఏదో ఒకటి పాడుచేస్తూనే ఉంటాను థెల్మా. ఆ ఒక్క నిమిషం మాత్రం బాగుంటుంది."

"పుస్తకాలు పాడైతే పోనీ. జెరాల్డ్ ఆ పోలండ్ అమ్మాయిదే తప్పన్నాడు. కార్డు లాక్కున్నాడు."

విల్ఫ్ తల ఎత్తాడు. "ఎవర్ని? ఆ సన్నపిల్లనా? పోయినేడు ఆశ్రమంలో మా అన్నయ్యని చూసుకుందే, ఆ అమ్మాయినా?"

"ఆ అమ్మాయినే."

ఆయన లేచి నిలబడ్డాడు. "నేను చేసిన పనికి ఇంకొకళ్లని దొంగ అంటే ఎలాగే? పద."

"ఎక్కడికి?"

"లోపలికి. ముందు దానికి చెప్పాలి. నువ్వు పక్కనుండు. మధ్యలో మర్చిపోతే అందించు."

ఆయన మర్చిపోలేదు. నోరీన్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, మొదట్నించీ చెప్పాడు. థెల్మా గోడకి ఆనుకుని నిలబడి విన్నది. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పడం ఆవిడ పుస్తకాల బయట చూడడం అదే మొదటిసారి.

"అయితే నువ్వు కనిపెట్టలేదన్నమాట" అంది నోరీన్.

"లేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదు. నాకా తెలివి ఎప్పుడుందని."

ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే మధ్యలో నవ్వింది. "అనుకున్నాను. జబ్బు చేసి తెలివి పెరిగినవాణ్ణి ఎక్కడా చూడలేదు నేను" అంది. కళ్లు తుడుచుకుని, ఆయన మొహం రెండు చేతులతో తడిమింది. "వారం వారం గుర్తుపెట్టుకుని లైబ్రరీకి వెళ్లావు. పుస్తకం తీశావు, పేరు వెతికావు, నాకోసం గుర్తు పెట్టావు. ఇవన్నీ చేసిన మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఎక్కడికీ పోలేదు. థెల్మా, కెటిల్ కొత్తది, గట్టున ఉంది. టీ పెట్టు."

కమిటీ ముందుకి విల్ఫ్ తనంతట తనే వచ్చాడు, నోరీన్ చెయ్యి పట్టుకుని. నిలబడి, "గుర్తులు నావి. ఆ అమ్మాయివి కావు" అన్నాడు. ఎందుకు పెట్టాడో కూడా చెప్పాడు. జెరాల్డ్ మీసం తడుముకుంటూ కిందికి చూశాడు. "ఆమెకి ఉత్తరం రాస్తాను, కార్డు పెట్టి పంపిస్తాను" అన్నాడు.

"పంపించవు. నీ చేత్తో లాక్కున్నావు, నీ చేత్తోనే ఇస్తావు" అంది థెల్మా.

"ఆమె ఆశ్రమంలో పనిలో ఉంటుంది కదా."

"కొండ మీదికి బస్సుంది."

మర్నాడు జెరాల్డ్ టై కట్టుకుని కొండెక్కాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆయన చేతిలో ఒక పుస్తకం ఉంది. అలాంటి నవల జన్మలో ముట్టుకోలేదని గొప్పగా చెప్పుకునే మనిషి, బస్సులో చదువుతూ తన స్టాపు దాటి మార్కెట్ దాకా పోయాడు.

గురువారం మధ్యాహ్నాలు అందరం కూర్చుని పుస్తకం చదివించుకుందామన్న ఆలోచన థెల్మాదే. లైబ్రరీలో కుర్చీలు గుండ్రంగా వేసుకునేవాళ్లం. విల్ఫ్ చదివేవాడు. కంఠం బాగుండేది ఆయనది, ఎక్కడ ఆగాలో తెలిసేది. చదవడానికి ముందు ప్రతి వారం ఇంతవరకూ జరిగిన కథని అందరం కలిసి మళ్లీ చెప్పుకునేవాళ్లం. మొదట్లో అది విల్ఫ్ కోసమే పెట్టాం. చూస్తే ఎవరికీ ఏదీ సరిగ్గా గుర్తులేదు. కథలో పోస్టుమాస్టరుకి పెళ్లయిందా లేదా అన్నదాని మీదే ఒక వారమంతా తగువులాడుకున్నాం. చివరి అధ్యాయానికి ముందు ఆగి పందెం వేసేవాళ్లం. విల్ఫ్ ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. చచ్చిపోయినవాడే హంతకుడని ఒకసారి అన్నాడు. నోరీన్ కుర్చీలోంచి కిందపడేటంతగా నవ్వింది, ఆయనా నవ్వాడు. డనూటా డ్యూటీ లేని గురువారాల్లో వచ్చి, తన వంతుగా ఒక పేజీ చదివేది. పలకలేని మాట వస్తే ఆగి విల్ఫ్ వంక చూసేది.

విల్ఫ్ జబ్బు తగ్గే జబ్బు కాదు. రెండు చలికాలాలు గడిచాక నోరీన్ ఒక్కర్తీ చూసుకోలేకపోయింది. ఆయన కొండ మీది ఆశ్రమానికి వెళ్లాడు. డనూటా అక్కడే ఉండడం నోరీన్‌కి కొండంత ధైర్యం. వెళ్లిన వారమే థెల్మా పెట్టెడు పుస్తకాలు జెరాల్డ్ చేత బస్సులోకి మోయించి, గురువారం సమావేశాన్ని కూడా కొండెక్కించింది.

ఆశ్రమం హాల్లో టీవీ కట్టేశాం. ముసలివాళ్లు చుట్టూ చేరారు. కొందరు వింటారు, కొందరు కునుకు తీస్తారు. ఇప్పుడు విల్ఫ్ చదవలేడు, నోరీన్ భుజానికి తల ఆనించి కూర్చుంటాడు. చదివేది డనూటా. మొన్నటి గురువారం ఆమె ఒక పేజీ మధ్యలో ఉండగా, కిటికీ పక్కన ఎప్పుడూ నోరు విప్పని మార్జొరీ టెంపెస్ట్ అనే ముసలావిడ గట్టిగా, "తోటమాలి!" అంది.

అందరం ఆవిడవైపు తిరిగాం.

"తోటమాలి ఎలా అవుతాడు? ఆ పూట వాడు ఊళ్లోనే లేడు కదా" అన్నాడు జెరాల్డ్.

"లేనని వాడన్నాడు. నువ్వు నమ్మేశావు" అంది మార్జొరీ.

థెల్మా తన కుర్చీని ఆవిడ పక్కకి లాక్కుంది. "మీకెందుకు అనుమానం వచ్చిందో చెప్పండి. మొదట్నించీ చెప్పండి, తొందరేం లేదు" అంది. డనూటా పుస్తకంలో వేలు పెట్టి మూసి, విన్నది. మార్జొరీ శాలువా సర్దుకుని చెప్పడం మొదలుపెట్టింది.